నాలుగు సంతకాల కాగితం

ఆసుపత్రి మూడో అంతస్తులో, ఎముకల వార్డు గుమ్మం పక్కన గోడకు ఒక పెద్ద రంగుల పోస్టరు అంటించారు. అందులో తెల్లకోట్లు వేసుకున్న నలుగురు కుర్రవాళ్ళు ఒకరి చేతిమీద ఒకరు చెయ్యి వేసుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటారు. కింద "కలిసి నేర్చుకుందాం, కలిసి నయం చేద్దాం" అని రాసి ఉంటుంది. ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం చదువుతున్న చిన్ని మొదటిరోజు ఆ పోస్టరు చూసి ముచ్చటపడింది. రెండోవారానికల్లా దాన్ని చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

పద్ధతి మంచిదే. డాక్టరు చదువు, నర్సు చదువు, మందుల చదువు, ఫిజియోథెరపీ చదువు, వీటిలో ఒక్కొక్కదాని నుంచి ఒకరిని తీసి నలుగురిని ఒక జట్టు చేస్తారు. జట్టుకొక రోగిని అప్పగిస్తారు. నాలుగు వారాలు నలుగురూ కలిసి ఆ మనిషిని చూసుకోవాలి. ఎవరికి తెలిసింది వాళ్ళు మిగతా ముగ్గురికీ చెప్పాలి. చదువులు వేరైనా రోగి ఒక్కడే అన్న సంగతి తలకెక్కడానికి పెట్టిన ఏర్పాటు అది.

వాళ్ళకు దొరికిన రోగి ఒక డ్రిల్లు మాస్టారు. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లల చేత పరుగులు తీయించి రిటైరయ్యాక, సొంత మేడమెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ అయింది. మంచం మీద పడుకున్నా ఆయన గొంతు మాత్రం మైదానం అవతలి గోడదాకా వినబడేలా ఉండేది. వచ్చినరోజే నలుగురినీ వరసలో నిలబెట్టి ఎగాదిగా చూశారు.

ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో స్టెతస్కోపు ఉన్న డాక్టరు కుర్రాడికి "దొరబాబు" అని పేరు పెట్టారు. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ ఉన్న నర్సింగు కుర్రాడు "కొంగ" అయ్యాడు. ప్రతి మందుడబ్బానీ ముక్కు దగ్గర పెట్టుకుని అక్షరం అక్షరం చదివే మందుల చదువు అమ్మాయి "మాత్రలమ్మ" అయింది.

"నీకేం పేరు పెట్టను?" అన్నారు నాలుగో పిల్లను చూసి.

"మా ఇంట్లో చిన్ని అంటారు మాస్టారూ."

"నిన్ను చూసే పెట్టుంటారు. నాకు పని లేకుండా చేశారు మీవాళ్ళు."

పక్కనే స్టూలు మీద కూర్చున్న ఆయన భార్య, "పిల్లల్ని అలా పిలవకండీ, రేపు వాళ్ళే సూదులు పొడుస్తారు" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు.

మాస్టారిని లేపి, వాకర్ పట్టించి నడిపించడం చిన్ని పని. రోజూ పొద్దున తొమ్మిదింటికి లేపేది. ఆయన ఉత్సాహంగానే లేచేవారు. నిలబడి రెండడుగులు వేసేసరికి మొహం పాలిపోయేది. వాకర్‌ను గట్టిగా పట్టుకుని, "అమ్మాయ్, నేల ఊగుతోంది" అనేవారు. ఆమె వెంటనే కూర్చోబెట్టేది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాలుగోరోజు ఎముకల పెద్ద డాక్టరు రౌండ్స్‌కు వచ్చాడు. ఆయన వెనక పదిమంది. ఎక్స్‌రేను వెలుతురులో పెట్టి చూసి, "ఆపరేషన్ నిక్షేపంలా ఉంది. ఎందుకు నడవడు?" అని దొరబాబును అడిగాడు. దొరబాబు నోరు తెరిచేలోగా మాస్టారే చెప్పారు.

"లేచి నిలబడితే నేల పడవలా ఊగుతోందండీ డాక్టరుగారూ."

"అలాగా? పడవ ఏ ఊరికి పోతోంది మాస్టారూ?"

వెనకున్న పదిమందీ నవ్వారు. పెద్ద డాక్టరు నవ్వితే నవ్వాలి, అది వాళ్ళ డ్యూటీ. ఆయన పక్క మంచానికి వెళ్ళిపోయాక చిన్ని కేసు షీటు తీసి చూసింది. "రోగి నడవడానికి సహకరించడం లేదు. మాటల్లో పొంతన లేదు" అని రాసి ఉంది. జీవితమంతా పిల్లల్ని నడవండి, పరిగెత్తండి అని అదిలించిన మనిషి నడవడానికి మొరాయిస్తున్నాడట. ఉన్నది ఉన్నట్టు చెబితే మతి లేదట. ఆమె షీటును చప్పుడయ్యేలా మూసింది.

మధ్యాహ్నం వార్డు బయట, మంచినీళ్ళ కూలర్ పక్క బల్ల మీద నలుగురూ కూర్చున్నారు.

"ఆయన పొంతన లేకుండా ఏమీ మాట్లాడలేదు. లేవగానే ఏదో అవుతోంది," అంది చిన్ని.

"పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూద్దాం. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు," అన్నాడు కొంగ.

మూడురోజులు చూశాడు. పడుకుంటే నూటముప్పై పైన ఉండే బీపీ, నిలబడిన నిమిషానికి తొంభైకి జారిపోతోంది. ప్రతి అంకెనూ, టైముతో సహా, నర్సుల షీటులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఈలోగా మాత్రలమ్మ మాస్టారి భార్యను ఇంట్లో వాడే మందులన్నీ తెమ్మని అడిగి, వాటిని ఆసుపత్రి మందులతో పోల్చి చూసింది.

"మూత్రం ఇబ్బందికి ఆయన వాడే మాత్ర ఇంట్లో పడుకోబోయే ముందు వేసుకుంటారట. ఇక్కడ దాన్ని పొద్దున పూటకి మార్చారు. పైగా చేరినరోజు నొప్పికి బీపీ ఎక్కువుందని బీపీ మాత్ర రెండింతలు చేశారు. తర్వాత తగ్గించలేదు. రెండూ బీపీని దించేవే. రెండూ కలిపి ఎనిమిదింటికి మింగిస్తున్నారు, తొమ్మిదింటికి నువ్వు లేపుతున్నావు. నేల ఊగక ఏం చేస్తుంది?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విడివిడిగా ఉంటే వాళ్ళలో ఏ ఒక్కరికీ ఆ సంగతి దొరికేది కాదు. చిన్నికి ఆ క్షణాన గర్వంగా అనిపించింది.

"రౌండ్స్‌లో నేను చెప్తాను," అన్నాడు దొరబాబు. "నేను చెప్తేనే వింటారు."

ఆ మాట నిజమే. నిజమైనందుకే చిన్నికి కారం రాసుకున్నట్టయింది. అయినా ఊరుకుంది. పని జరిగితే చాలనుకుంది.

మర్నాడు పొద్దున పెద్ద డాక్టరు రానే వచ్చాడు. దొరబాబు గొంతు సవరించుకుని, "సార్, పేషెంటు బీపీ..." అన్నాడు.

"నేను ఎముక గురించి అడిగాను. బీపీ గురించి అడిగానా?"

"లేదు సార్."

అంతే. మళ్ళీ పెదవి విప్పలేదు. చిన్ని అతని మోచేతిని పొడిచింది. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మందుల వేళల సంగతి రాసి మాత్రలమ్మ కేసు షీటు ముందు గుచ్చిన చీటీ మీద పెద్ద డాక్టరు కన్ను పడింది. "ఇదేంటి, మందుల షాపు బిల్లా?" అని దాన్ని పీకి, ఉండచుట్టి, మంచం కింది చెత్తబుట్టలో వేశాడు. తర్వాత చిన్ని వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఎల్లుండికి ఈ బెడ్డు కావాలి. నడిపించు. ఇప్పుడే."

"సార్, ఆయన్ని లేపితే బీపీ పడిపోతోంది. మూడురోజులుగా..."

"నువ్వు ఫిజియోవా, గుండె డాక్టరువా? లేపు."

పదకొండు జతల కళ్ళు ఆమెను చూస్తున్నాయి. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆమె ఆ క్షణాన్ని నెమరేసుకుంది. లేపనంటే ఏమయ్యేది? ఉరి తీసేవాడా? కానీ చేతులు వాటంతటవే మాస్టారి నడుముకు పట్టీ బిగించాయి. ఆయనా పౌరుషానికి పోయి, "పద అమ్మాయ్, చూపిద్దాం" అంటూ లేచారు. ఒక అడుగు. రెండు. "చూశారా, బ్రహ్మాండంగా నడుస్తున్నాడు," అని పెద్ద డాక్టరు పరివారంతో సహా పక్క మంచానికి తిరిగాడు. నాలుగో అడుగుకు మాస్టారి కళ్ళు తేలిపోయాయి. ఆమె పట్టీని వదల్లేదు. అంత పెద్ద మనిషి బరువుకు ఆమె కూడా ఆయనతో పాటే నేలకు ఒరిగింది. వాకర్ పక్కకు ఎగిరింది. కొంగ రెండంగల్లో వచ్చి మాస్టారి తలను ఒడిలో పెట్టుకున్నాడు. కనుబొమ్మ చిట్లింది. కుడి మణికట్టు విరిగింది. అదృష్టం బాగుండి తుంటికేమీ కాలేదు.

స్పృహ రాగానే మాస్టారు అన్న మొదటిమాట, "అమ్మాయికి దెబ్బ తగిలిందా?"

ఆ సాయంత్రానికల్లా కాగితాలు తయారయ్యాయి. ఈ జట్ల కార్యక్రమం చూసుకునే మేడం నలుగురినీ ఒక్కొక్కరిగా గదిలోకి పిలిచింది. చిన్నికి తెల్లకాగితం ఇచ్చి, తన నిర్లక్ష్యానికి సంజాయిషీ రాయమంది. విచారణ తేలేదాకా వార్డులో అడుగుపెట్టొద్దంది.

"లేపమన్నది సారు, మేడం. అందరూ విన్నారు."

"నిలబెట్టమన్నారట, నడిపించమనలేదట. విన్నవాళ్ళనీ కనుక్కున్నాను, అదే చెప్పారు. చూడమ్మా, ఒప్పుకుంటూ రాస్తే చిన్న శిక్షతో పోతుంది."

చిన్ని తెల్లకాగితం మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేసింది.

ఆమె ఉండేది అక్కా బావల ఇంట్లో. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అన్నం ముందు కూర్చుని ఆమె జరిగిందంతా చెప్పింది.

"పోనీలేవే, ఆఖరి సంవత్సరం. ఒక్క కాగితం రాసి పడేస్తే గండం గడుస్తుంది," అంది అక్క.

"నేను చెయ్యని తప్పుకా?"

"చెయ్యలేదంటావా?" అన్నాడు బావ, కంచంలోంచి తలెత్తకుండానే. "పడిపోతాడని తెలిసే లేపావు కదా."

చిన్ని ముద్దను కంచంలో పెట్టేసింది. బావ మెల్లగా చెప్పాడు. "నిన్ను తిట్టడానికి కాదు చిన్నీ. లిఫ్టు ఆగిపోతే అందరూ మెకానిక్‌నే తిడతారు. పదిమంది ఎక్కాల్సినదాంట్లో ఇరవైమందిని కుక్కినవాణ్ణి ఎవడూ ఏమీ అనడు. అది అన్యాయమే. కానీ ఇరవైమంది ఉన్నారని చూసీ బటన్ నొక్కినవాడు కూడా ఒకడుంటాడు. నీ వంతు నువ్వు రాయి. వాళ్ళ వంతు కూడా రాయి. ఒక్కటే రాస్తే అబద్ధమవుతుంది."

మర్నాడు ఆమె పరిపాలన గదుల వరండాలోకి వెళ్ళేసరికి కొంగ, మాత్రలమ్మ అక్కడే ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ టైపు చేసిన కాగితాలున్నాయి. "ఘటన సమయంలో నేను వేరే పనిలో ఉన్నాను. నాకేమీ తెలియదు." కింద సంతకానికి చోటు. ఆ చోటు ఖాళీగా ఉంది.

"మాస్టారి తల నా ఒళ్ళో ఉంది, నేను వేరే పనిలో ఉన్నానట," అన్నాడు కొంగ. ఎప్పుడూ గొంతు పెంచనివాడు ఆరోజు పళ్ళు బిగించి మాట్లాడాడు. "మూడురోజుల అంకెలు నా చేత్తో రాశాను. నాకేమీ తెలియదట."

"కలిసి నేర్చుకోమన్నారు, ఇప్పుడేమో విడివిడిగా అబద్ధమాడమంటున్నారు," అంది మాత్రలమ్మ.

"దొరబాబు?"

కొంగ గడ్డంతో అటు చూపించాడు. వరండా చివర కిటికీ దగ్గర అతను ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చిన్ని నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది.

"సంతకం పెట్టావా?"

"నిన్న సాయంత్రమే పెట్టాను." అతని చొక్కా నలిగి ఉంది. నిద్రపోయినట్టు లేడు. "ఆయన మార్కులు వేస్తేనే నేను పాసవుతాను చిన్నీ. మా నాన్న..."

"మీ నాన్న సంగతి నాకెందుకు? నువ్వు చెప్తేనే వింటారన్నావు. చెప్పావా? ఒక్కమాట. బీపీ పడిపోతోంది సార్ అని పూర్తిగా ఒక్క వాక్యం చెప్పలేకపోయావు. వాక్యం నువ్వు మింగావు, పడ్డది ఆయన. ఇప్పుడు నింద నాకు. నీ తెల్లకోటు మాత్రం మడత నలగకూడదు."

అతను మేడం గదిలోకి వెళ్ళి, తన కాగితం తిరిగి ఇమ్మని అడిగాడు. ఇవ్వనని మేడం అన్న మాట బయటికి వినబడింది. వట్టి చేతులతో వచ్చి, చిన్ని దగ్గరున్న తెల్లకాగితం అడిగి తీసుకుని, కిటికీ గట్టు మీద పెట్టి మొదటి వాక్యం తనే రాశాడు. "నిన్న నేను సంతకం చేసిన కాగితంలో ఉన్నది నిజం కాదు. నేను అక్కడే ఉన్నాను. నాకు అన్నీ తెలుసు. మాట్లాడలేదు."

తర్వాత కొంగ తన అంకెలు రాశాడు. మాత్రలమ్మ మాత్రలు, వేళలు, ఉండచుట్టిన చీటీ సంగతి రాసింది. చిట్టచివర చిన్ని రాసింది. "ప్రమాదమని తెలిసే, సారు ఆజ్ఞ కాదనలేక లేపాను. కాదనాల్సింది. అది నా తప్పు. అది ఒక్కటే నా తప్పు." నలుగురూ సంతకాలు పెట్టారు.

విచారణ గదిలో పొడవాటి బల్లకు అటువైపు ఐదుగురు కూర్చున్నారు. మధ్యలో ఆసుపత్రి సూపరింటెండెంటు, తల నెరిసిన పెద్దావిడ. పెద్ద డాక్టరు ఆమె కుడిపక్కన. ఇటువైపు ఒకే ఒక్క కుర్చీ. పేరు పిలిచింది చిన్నిని, లోపలికి వచ్చింది నలుగురు. ఎవరూ కూర్చోలేదు.

"ఒక్కొక్కరే రావాలి," అంది మేడం.

"మమ్మల్ని జట్టుగా వేసింది మీరే మేడం," అన్నాడు దొరబాబు. ఈసారి వాక్యం పూర్తయింది.

సూపరింటెండెంటు కాగితాన్ని రెండుసార్లు చదివింది. "బీపీ సంగతి మీకు ముందే తెలుసా?" అని పెద్ద డాక్టరును అడిగింది.

"నా దృష్టికి ఎవరూ తేలేదు."

"నర్సుల షీటు తెప్పించండి," అన్నాడు కొంగ. అది విన్నపంలా లేదు.

షీటు వచ్చింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, మూడురోజుల అంకెలనూ ఒక్కొక్కటే పైకి చదివింది. పడుకుంటే ఎంత, నిలబడితే ఎంత. చదవడం పూర్తయ్యాక పెద్ద డాక్టరు నిట్టూర్చి, "నర్సుల కాగితాలు చదువుతూ కూర్చుంటే ఆపరేషన్లు ఎప్పుడు చెయ్యను?" అన్నాడు.

ఆ మాట అన్నాక గానీ తను ఏమన్నాడో ఆయనకు తెలిసినట్టు లేదు. సూపరింటెండెంటు ఆయన వంక అలా చూస్తూ ఉండిపోయింది.

ఆపుకోలేక చిన్ని అంది. "ఆయన స్వయంగా చెప్పారు సార్, నేల ఊగుతోందని. కాగితం కూడా అక్కర్లేదు. మీరు పడవ ఏ ఊరికి పోతోందని అడిగారు."

తీర్పులో చిన్నికి శిక్ష పడలేదు. మర్నాటి నుంచి వార్డుకు రమ్మన్నారు. పెద్ద డాక్టరుకూ ఏమీ కాలేదు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. ఇకమీదట విద్యార్థులెవరూ కేసు షీటుకు చీటీలు గుచ్చకూడదట. మాత్రలమ్మ దాన్ని అలవాటు ప్రకారం ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి చదివి, "దీపం వెలుతురులో దొంగ దొరికాడని ఇంట్లో దీపమే తీసేసినట్టుంది," అంది.

మాస్టారి మందులు మాత్రం మారాయి. ఒక మాత్ర సగమైంది, రెండోది రాత్రికి జరిగింది. చిన్ని వెళ్ళేసరికి ఆయన కనుబొమ్మకు కుట్లు, చేతికి కట్టుతో కూర్చుని ఉన్నారు.

"క్షమించండి మాస్టారూ. లేపకుండా ఉండాల్సింది."

"నువ్వు నన్ను లేపావు, నేను లేచాను. ఇద్దరం ఆ మనిషికి భయపడ్డాం, అంతే కదా." "నాకు కోపం అందుకు కాదు అమ్మాయ్. నా గురించి ఏదో రాశాడట కదా. చదువు."

ఆమె తటపటాయించింది. ఆయన భార్య, "చదవమ్మా, ఆయనకు నిద్రపట్టడం లేదు," అంది. చిన్ని చదివింది. సహకరించడం లేదు. పొంతన లేదు. మాస్టారి దవడలు బిగుసుకున్నాయి.

"కొట్టేయించండి దాన్ని. చెయ్యి విరిగితే అతుక్కుంటుంది. అది ఉంటే నేను రేపు ఇంకో ఆసుపత్రికి వెళ్ళినా, నొప్పి అన్నా నమ్మరు, మంట అన్నా నమ్మరు."

కొట్టేసే అధికారం వాళ్ళకు లేదు. నలుగురూ కలిసి సూపరింటెండెంటు గదికి మూడుసార్లు తిరిగారు. రెండుసార్లు ఆవిడ తీరిక లేదంది. మూడోసారి ఆవిడే వార్డుకు వచ్చి, ఆ వాక్యాల కింద "ఇది సరి కాదు. నిలబడితే బీపీ పడిపోవడం వల్ల రోగి తూలారు, ఆ సంగతి ఆయన స్పష్టంగా చెప్పారు" అని రాసి సంతకం చేసి, మాస్టారికి చదివి వినిపించింది. అప్పుడు ఆయన వాకర్ తెమ్మన్నారు. విరిగిన చేతికి ఆనుకోవడానికి వీలుగా చిన్ని దానికి మెత్తటి ఆసరా కట్టింది. ఆరోజు ఆయన కిటికీ దాకా వెళ్ళివచ్చారు.

"కోపం తగ్గిందా?" అని ఆ సాయంత్రం బావ అడిగాడు.

"లేదు బావా."

తర్వాతి సోమవారం పెద్ద డాక్టరు ఎప్పటిలాగే పదిమందితో వచ్చాడు. మాస్టారి మంచం దగ్గర ఆగి, దొరబాబు వైపు చూడకుండానే, "ఎలా ఉన్నాడు?" అన్నాడు.

"కనుబొమ్మ కుట్లు మానాయి సార్. నడక సంగతి చిన్నిని అడగండి. బీపీ సంగతి అతన్ని అడగండి," అని దొరబాబు కొంగను చూపించాడు.

పెద్ద డాక్టరు ఎవరినీ అడగలేదు. పక్క మంచానికి నడిచాడు. కొంగ తన షీటు తెరిచి, వార్డంతా వినబడేలా, ఆయన వీపుకు చెప్పాడు. "పడుకుంటే నూటఇరవైఎనిమిది. నిలబడితే నూటఇరవై."

పరివారంలో చివరన ఉన్న ఒక అమ్మాయి ఆగి, జేబులోంచి పెన్ను తీసి, ఆ అంకెలు రాసుకుంది.